బాబాయి పథ్యం

మా బాబాయి తాగుతాడన్న సంగతి బెజవాడ వన్‌టౌన్‌లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడం మా వీధివాళ్ళ మర్యాద. ఆ మర్యాద వాళ్ళకు నేర్పింది ఆయనే. కొందరు తాగితే తిడతారు, కొందరు కొడతారు, కొందరు పాడతారు. మా బాబాయికి తాగితే గౌరవం ఎక్కువయ్యేది. పగలంతా "ఒరేయ్" అని పిలిచిన బండివాణ్ణి సాయంత్రమయ్యేసరికి "అయ్యా, తమరు" అనేవాడు. ఒకసారి మా గుమ్మానికి అడ్డంగా పడుకున్న ఆవుతో "కొంచెం దారిస్తారాండీ?" అని, అది లేచేదాకా చేతులు కట్టుకుని నిలబడడం మేడమీద నుంచి చూశాను. ఆవుకు తొందర లేదు. ఆయనకూ లేదు.

మాది బట్టల కొట్టు. తాతయ్య కాలందాకా మగ్గం మీద బతికిన కుటుంబం. నాన్నా బాబాయీ ఇద్దరూ చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళే. తర్వాత బెజవాడ చేరి, నేసేవాళ్ళ దగ్గర కొని అమ్మేవాళ్ళమయ్యాం. ముందు కొట్టు, వెనక ఇల్లు. యుద్ధం రోజులు కావడంతో కొట్టులో ఉన్న గుడ్డ కంటే గుడ్డ కోసం వచ్చే జనం ఎక్కువ. "లేదు" అని చెప్పే పని బాబాయిది. ఆయన లేదంటే ఎవరికీ కోపం వచ్చేది కాదు. "మీకు లేదని చెప్పడానికి నాకు నోరు రావట్లేదమ్మా" అనేవాడు. ఆ వచ్చినావిడ ఆయన్నే ఓదార్చి, ఉత్త చేతులతో వెళ్ళేది.

పొద్దున పూట ఆయన చేతులు వణికేవి. కాఫీ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకునేవాడు. ఏమిటని అడిగితే చలి అనేవాడు. మే నెలలో బెజవాడలో చలి అనగలిగిన మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

ఇలా ఎన్నేళ్ళు గడిచేవో తెలియదు. ఆ ఏడు గుణదల కొండ మీద మేరీమాత తిరునాళ్ళకు బాబాయి తన కూతుర్ని తీసుకుని వెళ్ళాడు. మేం క్రైస్తవులం కాకపోయినా మా వీధిలో చాలామంది వెళ్ళేవాళ్ళు. ఏ దేవుడైనా కొండ మీద ఉన్నాడంటే ఎక్కి పలకరించి రావాలన్నది మా నాయనమ్మ సిద్ధాంతం. పాపకు అప్పుడు అయిదేళ్ళు. పొద్దు వాలేవేళకు బాబాయి ఒక్కడే తిరిగొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ పిన్ని ఆయన వెనక్కి చూసింది.

"పాపేదండీ?"

బాబాయి తన కుడిచెయ్యి తెరిచి చూసుకున్నాడు. పాప వేళ్ళు ఉండాల్సిన చెయ్యి అది. దాన్ని అలా చూస్తూనే గుమ్మంలో కూలబడ్డాడు.

నాన్నా నేనూ జట్కాలో గుణదల పరిగెత్తాం. కొండ కింద గాజులు అమ్మే ఒక ముసలమ్మ ఒళ్ళో పాప నిద్రపోతోంది. మోచేతుల దాకా గాజులు.

"వాళ్ళ నాన్న ఇప్పుడే వత్తానని కూచోబెట్టి ఎల్లాడయ్యా," అంది ముసలమ్మ. "ఏడుపు మానట్లేదు. ఏడ్చినప్పుడల్లా రెండు గాజులేశా. ఇంకాస్త ఆలస్యమైతే బుజాల దాకా వచ్చేవి."

పిన్ని ఆ సాయంత్రం పాప చేతుల గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టింది. తెల్లారి పాపను తీసుకుని పుట్టింటికి బయల్దేరింది. వెళ్తూ నాయనమ్మ ముందు నిలబడి, కొట్టులో ఉన్న నాన్నకు కూడా వినబడేట్టు చెప్పింది:

"అత్తయ్యా, ఆయనది జబ్బైతే కబురు చెయ్యండి, వచ్చేస్తాను. జబ్బు మనిషిని వదిలేసి నా దారి నేను చూసుకునేదాన్ని కాదు. కావాలని చేస్తున్నదైతే మాత్రం కబురు చెయ్యొద్దు. నాకు ఒక్కతే పిల్ల."

దాంతో మా ఇంట్లో ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. అది తేలితేగాని పిన్నీ పాపా ఇంటికి రారు. నాన్నది ఒక పక్షం, నాయనమ్మది ఒక పక్షం. కొట్టు మూసి ఇంట్లోకి వచ్చిన నాన్న చెప్పులు విప్పకముందే వాదన మొదలయ్యేది.

"జబ్బేమిటమ్మా? జబ్బు తనంతట తాను వస్తుంది. వీడు భవానీపురం తాటితోపుల దాకా నడిచివెళ్ళి తెచ్చుకుంటున్నాడు."

"కుక్క కరిస్తే? అదీ వీధిలోకి వెళ్తేనేగా కరిచేది?"

"రోజూ అదే కుక్క దగ్గరికి వెళ్ళి నోట్లో చెయ్యి పెట్టేవాణ్ణి ఏమంటారు?"

"పిచ్చోడంటారు. పిచ్చి జబ్బు కాదట్రా?"

నాన్న నావైపు చూసేవాడు. నేను కాలేజీలో తర్కశాస్త్రం చదువుతున్నాను, పాసయ్యేటంతవరకు. "ముందు జబ్బంటే ఏమిటో నిర్వచించుకోవాలి," అన్నాను. "వీణ్ణి కాలేజీకి పంపబట్టి కనీసం పగలు ఇంట్లో గొడవ తగ్గింది," అంది నాయనమ్మ. తర్వాత నన్నెవరూ అడగలేదు.

బాబాయి అదే గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నాన్న మాట్లాడితే "నిజమే అన్నయ్యా" అనేవాడు. నాయనమ్మ మాట్లాడితే "నిజమేనమ్మా" అనేవాడు. పిన్ని వెళ్ళాక ఆయన తాగడం తగ్గలేదు, గౌరవం మరీ ఎక్కువైంది. వీధి కుళాయి దగ్గర బిందెలకు కూడా పక్కకు తప్పుకుని దారిచ్చేవాడు.

చివరికి నాయనమ్మ ఆయుర్వేద వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన నాడి చూసి, నాలుక చూసి, కళ్ళు మూసుకుని, "దీన్ని మదాత్యయం అంటారమ్మా. శాస్త్రంలో ఉంది," అన్నాడు.

నాయనమ్మ ముఖం వెలిగిపోయింది. "విన్నావా? పేరుంది. జబ్బే!"

"దొంగతనానికీ పేరుందమ్మా," అన్నాడు నాన్న.

వైద్యుడు ఇద్దరి మాటలూ పట్టించుకోకుండా చికిత్స చెప్పాడు. పథ్యం గట్టిగా చెయ్యాలన్నాడు. అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపకూడదు, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలన్నాడు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పథ్యం అన్నమాట చెవిని పడ్డాక మా నాయనమ్మకు ఆ తర్వాతి మాటలు వినబడవు. ఆమె ఎరిగిన లోకంలో ప్రతి జబ్బుకూ ఒకటే దారి: ముందు లంఖణం, తర్వాత పథ్యం. జ్వరమొచ్చినవాడికి అన్నం ఆపి, ఒళ్ళు తేలికపడ్డాక మిరియాల చారుతో, బీరకాయ కూరతో మొదలుపెట్టడం. మా ఇంట్లో అందరమూ ఆమె లంఖణాలు దాటి వచ్చినవాళ్ళమే. కాబట్టి ఆమె బాబాయిని పెరటి వైపు గదిలో పడుకోబెట్టింది. అన్నమూ ఆపింది, కల్లు కూడా ఆపింది.

"ఉంటావా నాయనా?"

"ఉంటానమ్మా," అన్నాడు బాబాయి. నిజంగానే ఉన్నాడు. గది తలుపుకు గడియ కూడా వెయ్యలేదు.

మర్నాడు చెమటలు పట్టాయి. "విషం దిగుతోంది," అని నాయనమ్మ సంతోషించింది. ఆ మర్నాడు మధ్యాహ్నం గదిలోంచి గొణుగుడు వినబడింది. నాన్న చేతిలో గజం బద్దతోనే కొట్టులోంచి లేచి వచ్చాడు. వెనకాలే నేను.

"ఏమిట్రా ఈ వేషాలు? లే!"

బాబాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని మమ్మల్ని చూడడం లేదు. దుప్పటి మీంచి కనబడని దేన్నో వేళ్ళతో ఏరి, రెండు కొసలు కలిపి, తడి చేసుకుని, బొటనవేలితో మెలిపెడుతున్నాడు. మళ్ళీ ఏరుతున్నాడు. ఒళ్ళంతా వణుకుతున్నా ఆ రెండు వేళ్ళూ మాత్రం పని మరిచిపోలేదు.

"అన్నయ్యా, పోగులు తెగిపోయినై. నాన్న చూస్తే కొడతాడు. ఆ కొస పట్టుకో."

తాతయ్య పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నాన్న గజం బద్ద గోడకు ఆనించాడు. మంచం పట్టె మీద కూర్చుని, గాలిలో రెండు వేళ్ళు కలిపి పట్టుకున్నాడు.

"పట్టుకున్నాన్రా. అతుకు."

"లాగమాక."

"లాగట్లేదు."

"నువ్వు ఎప్పుడూ లాగుతావు."

"ఈసారి లాగన్లేరా. కానీ."

బాబాయి అతికాడు. ఇంకొకటి ఏరాడు. నాన్న దాని కొస కూడా పట్టుకున్నాడు.

"ఎన్ని తెగినయిరా?"

"చాలా తెగినయి అన్నయ్యా."

"పర్లేదు. పొద్దుందిగా."

నన్ను డాక్టరు కోసం పంపి, నాన్న అలాగే కూర్చున్నాడు. నేను డాక్టరు గారింట్లో చెప్పి వచ్చి కొట్టులో కూర్చున్నాను. గుడ్డ లేదని ఆ మధ్యాహ్నం నేను చెప్పాల్సి వచ్చింది. అడిగిన ప్రతివాళ్ళకూ నా మీద కోపం వచ్చింది. లోపల్నుంచి మధ్యమధ్య నాన్న గొంతు వినబడేది: "పట్టుకున్నా... ఊఁ... పట్టుకున్నా." తమ్ముడిది పొగరని ఇంటికప్పు అదిరేలా వాదించిన మనిషి, లేని దారం కొస వదలకుండా సాయంత్రందాకా పట్టుకున్నాడు.

డాక్టరు గారు వచ్చి చూసి మండిపడ్డాడు. "ఒక్కసారిగా ఆపమని ఎవరు చెప్పారు? మనిషి పోయేవాడు, తెలుసా?"

"లంఖణం పెట్టానండీ," అంది నాయనమ్మ చిన్న గొంతుతో. ఆమెకు చిన్న గొంతు ఒకటి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న లేచి నిలబడ్డాడు. "డాక్టరు గారూ, ఒక్క మాట. ఇది జబ్బేనాండీ?"

"జబ్బు కాకపోతే నన్నెందుకు పిలిచారయ్యా?"

డాక్టరు గారు నిద్రకు మందిచ్చాడు. దాంతోపాటు చెంచాల లెక్కన బ్రాందీ పట్టించమని, రోజురోజుకూ తగ్గించుకుంటూ రమ్మని చెప్పాడు. అలా మా ఇంట్లోకి బ్రాందీ సీసా వీధి గుమ్మంలోంచి దర్జాగా వచ్చింది. మా నాయనమ్మ దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టి, కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని తానే చెంచాతో పట్టింది. ముక్కు మాత్రం పక్కకు తిప్పుకునేది.

ఇదంతా అయిన కొన్నాళ్ళకు మద్యనిషేధం వచ్చింది. సర్కారు వారు తాగొద్దని కొట్లన్నీ మూయించారు. డాక్టరు రాసిచ్చినవాళ్ళకు మాత్రం పర్మిట్టు ఇచ్చారు. సర్కారులో కూడా ఒక నాన్నా ఒక నాయనమ్మా ఉన్నారన్నమాట అనుకున్నాను.

ఆ బ్రాందీ చెంచాల రోజుల్లోనే, బాబాయి మనుషుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాక నాన్న నన్ను పిలిచాడు. "పెడన వెళ్ళి పిన్నిని తీసుకురా. జబ్బేనని చెప్పు. నేనన్నానని చెప్పు."

బందరు బండిలో పెడన వెళ్ళాను. పిన్ని పుట్టింటివాళ్ళు ఇంకా మగ్గం మీదే బతుకుతున్నారు. పిన్ని అరుగు మీద రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుడుతోంది. జరిగినదంతా చెప్పాను. పోగులు అతకడం చెప్తున్నప్పుడు రాట్నం ఆగింది. చెప్పడం పూర్తయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మీ నాన్నగారు జబ్బేనన్నారా?"

"అన్నాడు పిన్నీ. డాక్టరు గారూ అన్నాడు."

"నేనూ ఎప్పుడూ అదే అనుకున్నా నాయనా."

బయల్దేరుతుందనుకున్నాను. ఆమె మళ్ళీ రాట్నం పిడి పట్టుకుంది.

"టైఫాయిడ్ జొరం వచ్చినవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నావని ఎవరన్నా తిడతారా?"

"తిట్టరు."

"జొరం తగ్గాక దొంగతనంగా గుమ్మడికాయ పులుసు తాగితే?"

"తిడతారు."

"తిట్టాలి కూడా. జబ్బు రావడం ఆయన చేతిలో లేదు. పథ్యం ఆయన చేతిలోదే. అత్తయ్య చెయ్యలేరు, బావగారు చెయ్యలేరు, నేనూ చెయ్యలేను. వెళ్ళేటప్పుడు నేను సగమే చెప్పి వెళ్ళాను, నాదే పొరపాటు. పథ్యం చేస్తానని ఆయన్నే వచ్చి చెప్పమను. నాకు కాదు. పాపకి."

నాన్నా నాయనమ్మా అన్ని రోజులు కొట్టుకున్న వాదనను పిన్ని రెండు కండెలు చుట్టేలోపు ముగించింది. నేను ఒక్కణ్ణే తిరుగు బండెక్కాను.

"జబ్బేనని చెప్పలేదట్రా?" అన్నాడు నాన్న.

"చెప్పాను. ఒప్పుకుంది. రానంది."

పిన్ని మాటలు చెప్పాను. నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ నాన్న వైపు చూసింది. ఈలోపు మంచం మీంచి బాబాయి, "నేను వెళ్తాను," అన్నాడు. "నిజమే" కాని మాట ఆయన నోట విని చాలా రోజులైంది.

నడవగలిగేంత ఓపిక వచ్చాక నన్ను తోడిచ్చి పంపారు. బండిలో ఆయన కిటికీలోంచి కాలవలూ, కోసిన పొలాలూ చూస్తూ కూర్చున్నాడు. పిన్ని వాళ్ళ అరుగు ముందు నిలబడ్డాడుగాని, రమ్మన్నా ఎక్కలేదు. ఆయన్ను చూసి పాప స్తంభం వెనక్కి పోయింది. పిన్ని దాన్ని ముందుకు తొయ్యలేదు, వెనక్కి లాగలేదు.

చాలాసేపటికి స్తంభం వెనకనుంచి, "మళ్ళీ నన్నొదిలేసి వెళ్తావా?" అని వినబడింది.

ఆ ప్రశ్నకు ఏ తండ్రయినా చెప్పే జవాబు ఒకటే ఉంటుంది. అరుగు మీద కూర్చున్న బాబాయి మామగారు కూడా దాని కోసమే చూస్తున్నాడు. బాబాయి మాత్రం అది చెప్పలేదు.

"తాగితే ఒదిలేస్తానేమోనమ్మా. తాగితే నాకే తెలీదు. అందుకని తాగకూడదు."

పాప తల ఒక్కటే బయటికొచ్చింది. "మరి తాగవా?"

"పథ్యం చేస్తానమ్మా."

"ఎన్నాళ్ళు?" అని పిన్ని అడిగింది.

"డాక్టరు గారు ఎన్నాళ్ళని చెప్పలేదు. ఎప్పటికీ అన్నాడు."

"ఉండగలరా?"

బాబాయి ఆలోచించాడు. "తెలీదు," అన్నాడు.

పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది. నేను చదివిన తర్కం ప్రకారం కేసు పోయింది. మామగారు నేల చూపులు చూస్తున్నాడు. కాసేపటికి పిన్ని బట్టల మూట పట్టుకుని బయటికొచ్చింది. నేను నోరు తెరిచి చూడడం గమనించి, పక్కకు పిలిచి చిన్నగా అంది: "ఉంటానని ఇదివరకు ఎన్నిసార్లు చెప్పారో నాకే గుర్తులేదు. తెలీదనడం ఇదే మొదలు."

తర్వాత ఆయన పథ్యం తప్పలేదా అంటే, తప్పాడు. నిషేధం వచ్చాక కూడా తప్పాడు, వెతుక్కునేవాడికి దొరికేది. తప్పినప్పుడల్లా పిన్ని తిట్టింది. జ్వరం తిరగబెట్టించుకున్నవాణ్ణి తిట్టినట్టే తిట్టి, మళ్ళీ మొదటినుంచి మిరియాల చారుతో అన్నం పెట్టింది. తప్పడానికీ తప్పడానికీ మధ్య దూరం పెరుగుతూ పోయింది. దీన్ని నయం కావడం అంటారో అనరో నాకు తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడలేదు.

ఆ సాయంత్రం మాత్రం నలుగురం పెడన స్టేషన్‌కు నడిచాం. ప్లాట్‌ఫారం నిండా జనం. బందరు నుంచి వచ్చే చేపల గంపలూ, మా నేతవాళ్ళ గుడ్డల మూటలూ. పిన్ని మూట దించి బాబాయితో, "పాపను చూస్తూ ఉండండి. టిక్కెట్లు తెస్తాను," అంది.

"నేను తెస్తాను పిన్నీ," అన్నాను. పనేమీ లేకుండా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

పిన్ని నావైపు చూసిన చూపుకు ఆమె వెంట నడిచాను. టిక్కెట్ల కిటికీ దగ్గర పెద్ద వరస. పిన్ని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కిటికీ చువ్వ పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడిపోయాయి. నేను తిరిగి చూడబోతే, "చూడమాక," అంది. గుమాస్తా టిక్కెట్లు ఇచ్చాక వాటిని కొంగున ముడి వేసుకుంది. ఆ ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు వెనక్కి నడిచాం.

బాబాయి మేం వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. పాప చేతిని రెండు చేతులతోనూ పట్టుకుని, రెప్ప వెయ్యకుండా దాని నడినెత్తి చూస్తున్నాడు. పక్కనుంచి గంపలవాళ్ళు తోసుకుపోతున్నా అంగుళం జరగలేదు.

పాప మమ్మల్ని చూడగానే అరిచింది: "అమ్మా, చూడవే! నాన్న నన్ను కదలనివ్వట్లేదు. బండి చూస్తానన్నా కదలనివ్వట్లేదు!"

"మంచి పని చేశారు," అంది పిన్ని. మూట ఎత్తి నా నెత్తిన పెట్టి, ముఖం అటు తిప్పుకుంది.